లెక్క సరిచూసిన మనిషి: మన ఆగిరిపల్లి ఆచార్య సూరి భగవంతం

హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలబడితే ఒక దారి నూజివీడు వైపు, ఒకటి గుడివాడ వైపు, హైవే ఒకపక్క విజయవాడకు, మరోపక్క ఏలూరుకు సాగుతాయి. ఈ నెల మనం చెప్పుకోబోయే మనిషికి నూజివీడు దారి, గుడివాడ దారి రెండూ సొంతమే. పుట్టింది నూజివీడు మామిడి తోటల వైపున్న ఆగిరిపల్లిలో, శోభనాచలస్వామి కొండ నీడలో. చిన్ననాటి చదువు గుడివాడలో. ఆ తరవాత ఆయన చేరిన చోట్లు కలకత్తా, వాల్తేరు, లండన్, హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ. ఆయన పేరు సూరి భగవంతం.

ఇప్పుడు మన డాబాల మీద సోలార్ పలకలు వెలుస్తున్నాయి. వాటి తరవాతి తరం పలకల కోసం ప్రపంచమంతటా ప్రయోగశాలలు పెరోవ్‌స్కైట్ అనే స్ఫటికాలను పెంచుతున్నాయి. ఆ స్ఫటికాలను పరీక్షించేవారికి ఉపయోగపడే లెక్కల్లో కొన్ని 80 ఏళ్ల కిందట వాల్తేరులో ఈ ఆగిరిపల్లి మనిషి, ఆయన సహచరులు కాగితం మీద వేసినవి. భగవంతం గారు సోలార్ సెల్ తయారు చేయలేదు. స్ఫటికాల లోపల ఏమి జరగవచ్చో, ఏమి జరగడానికి వీల్లేదో లెక్కగట్టడం నేర్పారు. ఆ లెక్క వల్ల ఏమిటి ప్రయోజనం అని ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే సోలార్ పలక అని చెప్పగలిగే వీలు ఎవరికీ లేదు.

గుడివాడ నుంచి బౌబజారు వీధికి

భగవంతం గారు 1909 అక్టోబరు 14న పుట్టారు. గుడివాడ చదువు తరవాత హైదరాబాద్ నిజాం కళాశాలలో చేరి భౌతికశాస్త్రంలో బి.ఎస్సీ. చేశారు. ఆ కళాశాల అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఆయన డిగ్రీ పూర్తయిన సంవత్సరం 1928.

ఆ ఏడాది ఫిబ్రవరి 28ననే కలకత్తాలో చంద్రశేఖర వెంకట రామన్ తన ఆవిష్కరణను ప్రకటించారు. ఒకే రంగు కాంతిని ఒక పదార్థం మీదికి పంపితే చెదిరి వచ్చే కాంతిలో అత్యధిక భాగం అదే రంగులో ఉంటుంది. చాలా కొద్ది భాగం మాత్రం రంగు మారి వస్తుంది. ఎంత మారిందో కొలిస్తే ఆ పదార్థంలోని అణువులు ఎలా కంపిస్తున్నాయో తెలుస్తుంది. దాన్నే రామన్ ఫలితం అంటారు.

పంతొమ్మిదేళ్లు కూడా నిండని కుర్రవాడు డిగ్రీ పట్టా పట్టుకుని కలకత్తా బౌబజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌కు వెళ్లి రామన్ దగ్గర చేరాడు. ఆ కాలంలో డిగ్రీ చదివిన తెలుగు యువకుడి ముందు సర్కారు కొలువు, వకీలు చదువు లాంటి దారులున్నాయి. పరిశోధన అనే దారిలో జీతం ఎంతో, చివర ఏముందో చెప్పడం కష్టం. రామన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది 1930లో. భగవంతం గారు చేరింది దానికి రెండేళ్ల ముందు.

కలకత్తాలో గడిపిన నాలుగేళ్లలో ఆయన చేతికి వచ్చిన పదార్థాల్లో వజ్రం ఒకటి. వజ్రం మీద పడిన కాంతిలో రంగు మారి వచ్చే ప్రధానమైన గీత ఒక్కటే. అంత గట్టి రాయిలో ఒక్క గీతే ఎందుకు? ఆ ప్రశ్న ఆయన్ను స్ఫటికం లోపలి అమరిక వైపు నడిపించింది. వజ్రంలో రామన్ ఫలితానికీ స్ఫటిక నిర్మాణానికీ ఉన్న సంబంధం మీద 1930లో ఆయన పరిశోధనా వ్యాసం వెలువడింది. మరుసటి ఏడాది రామన్, భగవంతం కలిసి కాంతి కణమైన ఫోటాన్‌కు స్పిన్ ఉందని ప్రయోగంతో చూపిన ఫలితాలను ప్రచురించారు. అప్పటికి ఆయన వయసు 22.

ముగ్గు తిప్పి చూడటం

1932లో భగవంతం గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా చేరారు. విశ్వవిద్యాలయం పుట్టి అప్పటికి ఆరేళ్లే. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులు. ఖరీదైన పరికరాలు తక్కువగా ఉన్న ఆ చోట భగవంతం గారు ఎంచుకున్న పనికి ముఖ్యమైన పరికరం ఆలోచన. ఆ ఆలోచన పేరు సౌష్ఠవం.

సౌష్ఠవం మన వాకిళ్లలో రోజూ కనిపించేదే. చుక్కల ముగ్గు ఒకటి కాగితం మీద వేసి, ఆ కాగితాన్ని పావు వంతు తిప్పండి. కొన్ని ముగ్గులు తిప్పినట్టే తెలియవు. కొన్ని ముగ్గులు సగం తిప్పితేనే మొదటి రూపానికి వస్తాయి. కొన్ని అద్దంలో చూసినా మారవు. ఇలా ఏయే కదలికలకు మారకుండా ఉంటుందో రాసుకుంటే ఆ ముగ్గు తరగతి తెలిసిపోతుంది. స్ఫటికాలను కూడా అలాగే వర్గీకరించారు. బయటి సౌష్ఠవాన్ని బట్టి ఏ స్ఫటికమైనా 32 తరగతుల్లో ఒకదానికి చెందుతుంది. ఉప్పు, పంచదార, పటిక, వజ్రం అన్నీ ఈ 32లోనే ఎక్కడో ఒకచోట ఉంటాయి.

తరగతి తెలిస్తే ఏమొస్తుంది? స్ఫటికాన్ని ముట్టుకోకుండానే దాని గుణాల గురించి చాలా చెప్పవచ్చు. దాన్ని నొక్కితే విద్యుత్తు పుట్టే అవకాశం ఉందా, రామన్ గీతలు ఎన్ని రావాలి, దాని సాగే గుణాన్ని వర్ణించడానికి ఎన్ని అంకెలు కొలవాలి అన్నవి లెక్కతో తేలుతాయి. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి సాగే గుణం చెప్పాలంటే 21 అంకెలు కావాలి. ఉప్పు లాంటి ఘనాకార స్ఫటికానికి 3 చాలు. ఈ లెక్కకు వాడే గణితాన్ని గ్రూప్ థియరీ అంటారు. భౌతికశాస్త్రంలో దాని వాడకం అప్పటికి కొత్త. వాల్తేరులో భగవంతం గారు, టి. వెంకటరాయుడు గారు కలిసి స్ఫటికాల రామన్ గీతలను ఈ పద్ధతిలో లెక్కించే మార్గం చూపిన వ్యాసం 1939లో వచ్చింది. దాన్ని విస్తరించి 1948లో గ్రూప్ థియరీని భౌతికశాస్త్ర సమస్యలకు ఎలా వాడాలో చెప్పే పుస్తకాన్ని ఇద్దరూ వెలువరించారు. అంతకుముందే, 1940లో, కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం మీద భగవంతం గారి పుస్తకం వాల్తేరు నుంచే వచ్చింది.

మూడా, నాలుగా?

ఆయన జీవితంలో మన పిల్లలకు తప్పక చెప్పవలసిన ఘట్టం 1942 నాటిది.

పారదర్శకమైన స్ఫటికాన్ని నొక్కితే దాని గుండా పోయే కాంతి తీరు మారుతుంది. ఆ మార్పును పూర్తిగా వర్ణించడానికి ఏ తరగతి స్ఫటికానికి ఎన్ని అంకెలు కావాలో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ పొకెల్స్ 19వ శతాబ్దం చివర్లో పట్టిక వేశారు. ఆయన ఆ రంగంలో పెద్ద పేరు. ఆ పట్టిక అర్ధ శతాబ్దం పాటు చలామణిలో ఉంది. ఘనాకార స్ఫటికాలన్నిటికీ 3 అంకెలు చాలునని దాని సారాంశం.

భగవంతం గారు గ్రూప్ థియరీతో ఆ పట్టికను మొదటి నుంచి మళ్లీ లెక్కించారు. కొన్ని తరగతుల దగ్గర జవాబు కలవలేదు. ఘనాకార స్ఫటికాల్లో అయిదు తరగతులున్నాయి. మూడింటికి 3 అంకెలు చాలు. మిగిలిన రెండింటికి 4 కావాలని లెక్క చెప్పింది. కారణం ముగ్గుతోనే అర్థమవుతుంది. ఆ రెండు తరగతుల స్ఫటికాలు పావు వంతు తిప్పితే మారిపోతాయి, సగం తిప్పితేనే మొదటి రూపానికి వస్తాయి. బయటికి ఘనాకారంగానే ఉన్నా వాటి సౌష్ఠవం ఒక మెట్టు తక్కువ. ఆ తక్కువను పాత పట్టిక పట్టించుకోలేదు.

లెక్క వేసి ఊరుకోలేదు. తరవాత డి. సూర్యనారాయణ గారితో కలిసి బేరియం నైట్రేట్ స్ఫటికాల మీద కొలతలు తీశారు. అది ఆ రెండు తరగతుల్లో ఒకదానికి చెందిన స్ఫటికం. ప్రయోగం లెక్కను సమర్థించింది. అప్పటి నుంచి స్ఫటిక భౌతికశాస్త్రంలో ఆ రెండు తరగతుల దగ్గర 4 అనే రాసుకుంటున్నారు.

పెద్ద పేరున్న పుస్తకంలో అంకె తప్పుగా ఉండవచ్చని అనుమానించడానికి ధైర్యం కావాలి. ఆ అనుమానాన్ని ఓపికగా, ఒక్కో తరగతినీ విడివిడిగా లెక్కించి రుజువు చేయడానికి క్రమశిక్షణ కావాలి. వాల్తేరులో ఆ రెండూ కలిశాయి.

పదవుల మధ్య ఒక పుస్తకం

స్వాతంత్ర్యం వచ్చాక దేశానికి విజ్ఞానశాస్త్ర సంస్థలను నడిపేవాళ్లు కావలసి వచ్చింది. 1948లో భగవంతం గారు లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్ర సంబంధాల అధికారిగా వెళ్లారు. తిరిగి వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1952 నుంచి 1957 వరకు దానికి ఉపాధ్యక్షులు. 1957 నుంచి 1962 వరకు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్. ఒకప్పుడు ఆయన గురువు రామన్ కూర్చున్న కుర్చీ అది. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. 1962, 1965 యుద్ధాలు రెండూ ఆ కాలంలోనే వచ్చాయి. హైదరాబాద్‌లో క్షిపణుల ప్రయోగశాల, రక్షణ లోహాల ప్రయోగశాల వేళ్లూనుకున్నది కూడా ఆ సంవత్సరాల్లోనే.

ఇన్ని బాధ్యతల మధ్య ఆయన స్ఫటికాలను వదల్లేదు. స్ఫటిక సౌష్ఠవం, భౌతిక గుణాల మీద ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకం 1966లో వెలువడింది. ఆయన అప్పటికి ఢిల్లీలో రక్షణ శాఖ పనిలో ఉన్నారు. వాల్తేరులో మొదలైన లెక్కలకు అయస్కాంత గుణమున్న స్ఫటికాలను కూడా చేర్చి, అంతటినీ ఒకచోట పెట్టిన పుస్తకం అది. చివరి దశాబ్దాల్లో సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలను ఇంగ్లీషులో వినిపించిన అనువాదకుడిగా కూడా ఎంతోమందికి ఆయన పరిచయం. 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు.

నూరేళ్లకు వచ్చిన స్ఫటికం

పెరోవ్‌స్కైట్ అనే ఖనిజాన్ని 1839లో రష్యాలోని ఉరల్ పర్వతాల్లో కనుగొన్నారు. లెవ్ పెరోవ్‌స్కీ అనే రష్యన్ పేరు మీద దానికి ఆ పేరు. ఆ ఖనిజంలోని అణువుల అమరిక ఉన్న పదార్థాలన్నిటినీ ఇప్పుడు పెరోవ్‌స్కైట్‌లనే అంటున్నారు. అమరిక సులువుగా ఊహించుకోవచ్చు. ఒక ఘనం మూలల్లో ఒక రకం అణువులు, సరిగ్గా మధ్యలో మరొక రకం అణువు, ఆరు ముఖాల నడుమ మూడో రకం అణువులు. మూలల్లోవీ ముఖాల మీదవీ పక్క ఘనాలతో పంచుకునేవే కాబట్టి లెక్కకు ఒక్కో ఘనానికి 5 అణువులు.

2009లో జపాన్ శాస్త్రజ్ఞుడు సుతోము మియాసాకా బృందం సీసం, అయోడిన్ వంటివి ఉన్న పెరోవ్‌స్కైట్‌ను సోలార్ సెల్‌లో వాడి చూపింది. పడిన కాంతి శక్తిలో అది విద్యుత్తుగా మార్చింది 3.8 శాతమే. అప్పటి నుంచి ప్రయోగశాలల్లో ఆ అంకె 25 శాతం దాటింది. సిలికాన్ సెల్‌కు దీటైన స్థాయి అది. భగవంతం గారు బతికి ఉంటే 2009లో నూరేళ్లు నిండేవి.

సిలికాన్‌ను 1400 డిగ్రీలకు పైగా కాచి కరిగించాలి. పెరోవ్‌స్కైట్ పొరను ద్రావణం నుంచి పెంచవచ్చు. మామిడి తాండ్ర చేసే తీరు తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. రసాన్ని చాప మీద పలచగా పరిచి ఎండబెడతాం. మందంగా పోస్తే లోపల ఆరదు, ఎగుడుదిగుడుగా పరిస్తే ఒకచోట గట్టిపడి ఒకచోట పచ్చిగా ఉంటుంది. పొర బాగుండటం ఆరబెట్టే తీరులో ఉంది. ప్రయోగశాలలో సీసపు లవణాన్ని, మరో లవణాన్ని ద్రావకంలో కరిగించి గాజు పలక మీద వేసి గిర్రున తిప్పుతారు. పలచగా పరుచుకుంటుండగానే ఆ లవణాలను కరిగించుకోని మరో ద్రవాన్ని పైన వేస్తారు. దాంతో ఒక్కసారిగా లెక్కలేనన్ని చిన్న స్ఫటిక బీజాలు పుడతాయి. తరవాత సుమారు 100 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు వేడిచేస్తే మిగిలిన ద్రావకం పోయి నల్లని నున్నని పొర తయారవుతుంది. దాని మందం అర మైక్రాన్ ఉంటే చాలు, మన వెంట్రుక మందంలో దాదాపు నూరో వంతు. ఇలాంటి పొరలతోనే దీపాలు, పెద్ద స్ఫటికాలతో ఎక్స్‌రే గుర్తించే పరికరాలు కూడా చేస్తున్నారు.

చిక్కులూ ఉన్నాయి. తేమ తగిలినా, ఎక్కువ వేడి తగిలినా స్ఫటికం విడిపోతుంది, నల్లని పొర పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు సీసపు అయోడైడ్‌ది. సీసం విషం కాబట్టి అది బయటికి రాకుండా చూడటం మరో సమస్య. డాబా మీద సిలికాన్ పలక పాతికేళ్లు నిలబడుతుంది. పెరోవ్‌స్కైట్ దానికి దీటుగా నిలవడానికి ఇంకా కష్టపడుతోంది.

పెంచిన పొర సరిగా ఉందా అని చూసే పద్ధతుల్లో రామన్ ఫలితం ఒకటి. అక్కడ భగవంతం, వెంకటరాయుడు గార్ల తరహా లెక్క పనికొస్తుంది. ఘనానికి 5 అణువులు, ఒక్కో అణువూ మూడు దిక్కుల్లో కదలగలదు కాబట్టి మొత్తం 15 కదలికలు. అందులో 3 స్ఫటికమంతా కలిసి జరగడమే. మిగిలిన 12 కంపనాల్లో, అమరిక లోపం లేని ఘనమైతే, నేరుగా రామన్ గీత ఇచ్చేది ఒక్కటి కూడా లేదు. సౌష్ఠవమే వాటిని అడ్డుకుంటుంది. ఘనం కొంచెం ఒరిగినా, సాగినా ఆ అడ్డు తొలగి కొత్త గీతలకు దారి ఏర్పడుతుంది. గీతలను చూసి స్ఫటికం లోపల ఏమి మారిందో ఊహించడానికి ఈ లెక్క ఆధారం. పెన్సిలు, కాగితం, ఓపిక ఉన్న డిగ్రీ విద్యార్థి ఎవరైనా దీన్ని చేయగలరు.

ఇంట్లో చేసి చూడండి

పిల్లలతో ఒక స్ఫటికాన్ని పెంచడం కష్టం కాదు. కిరాణా కొట్టులో పటిక దొరుకుతుంది. ఒక గ్లాసు వేడి నీళ్లలో పటిక పొడి ఇక కరగనంత వరకు కలపండి. వేడి నీళ్ల పని పెద్దవాళ్లదే. పలచటి గుడ్డలో వడకట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. అడుగున చిన్న స్ఫటికాలు పడతాయి. వాటిలో నాలుగు పక్కలా చక్కగా ఉన్నదాన్ని దారానికి కట్టి, మిగిలిన చల్లని ద్రావణాన్ని మరో గ్లాసులోకి వంపి అందులో వేలాడదీయండి. పైన కాగితం కప్పండి. రోజుల తరబడి ముట్టుకోకండి. పిల్లలకు అన్నిటికన్నా కష్టమైనది అదే. నీరు మెల్లగా ఆవిరైతే స్ఫటికం స్వచ్ఛంగా, త్రిభుజాకారపు ముఖాలతో పెరుగుతుంది. తొందరపడి ఎండలో పెడితే చిన్న చిన్న గుండ మిగులుతుంది. పెరోవ్‌స్కైట్ పెంచేవాళ్లను పీడించే సమస్య కూడా ఇలాంటిదే. ఆ గ్లాసును ఎవరూ తాగకుండా పేరు రాసి పక్కన పెట్టండి.

ఒక సంగతి పిల్లలకు చెప్పండి. పటిక ఘనాకార తరగతుల్లోదే. పాత పట్టిక 3 అని రాసిన చోట భగవంతం గారు 4 అని సరిదిద్దిన రెండు తరగతుల్లో ఒకటి పటికది.

మన పిల్లలు ఎంపీసీ తీసుకున్నా, బైపీసీ తీసుకున్నా ర్యాంకు కోసం చదువుతారు. చదవాలి కూడా. అయితే ఆ చదువులో రోజూ ఒక చిన్న పరీక్ష ఎదురవుతుంది. పుస్తకం చివర ఇచ్చిన జవాబుతో తన జవాబు కలవనప్పుడు పిల్ల ఏం చేస్తుంది? టైం లేదని ఆ జవాబును రాసుకుని ముందుకు పోతుందా, లేక లెక్కను మొదటి నుంచి మళ్లీ వేసి చూస్తుందా? ఎక్కువసార్లు పొరపాటు పిల్లదే అయి ఉంటుంది. ఎక్కడ పొరపడిందో కనిపెట్టడం కూడా చదువే. ఎప్పుడో ఒకసారి పుస్తకానిదే పొరపాటు అవుతుంది. ఈ వారం మీ అబ్బాయో అమ్మాయో వచ్చి గైడులో జవాబు తప్పనిపిస్తోంది అంటే, ఒక తెల్ల కాగితం ఇచ్చి, పక్కన కూర్చుని, ఆ లెక్క పూర్తయ్యేదాకా ఉండండి.